కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఇది చూసుకోండి: 144, 240 హెర్ట్జ్ గేమింగ్‌కి ఏది ముందు మార్చాలి

మొన్న పెద్ద పండక్కి అత్తిలి దగ్గర మా పెదనాన్నగారి ఊరు వెళ్తే, భోజనాలు అయ్యీ అవ్వకుండానే తమ్ముడు చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్లాడు. "అన్నయ్యా, కొత్త కార్డు వేశాను, అయినా గేమ్ పాత సిస్టమ్‌లాగే ఉంది, ఒకసారి చూడవా" అని. ఆర్‌టీఎక్స్ 4060. ఏడాది పాటు దాచుకున్న డబ్బుతో కొన్నాడు. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ పెట్టి ఒక డెత్‌మ్యాచ్ ఆడి చూపించాడు, ఎదుటివాడు గోడ చాటు నుంచి బయటికొస్తుంటే బొమ్మ జారుతూ కాకుండా గెంతుతూ వస్తోంది, వాడి మొహం చూస్తే నాకే బాధేసింది.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచాను. మానిటర్ 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగలదు, అక్కడ మాత్రం 60 అని ఉంది. కొన్న రోజు నుంచి ఎవరూ మార్చలేదు. అది 144 చేసి, సిస్టమ్ ఆపి, పక్క రేకు విప్పాను. వాళ్లింటికి రెండు వీధుల అవతల రైస్ మిల్లు ఉంది. లోపల ఫ్యాన్ రెక్కల అంచుల మీద లేత గోధుమరంగు ఊక దుమ్ము దళసరిగా పేరుకుంది, ప్రాసెసర్ మీద ఉండే అల్యూమినియం రేకుల సందులు సగానికి పైగా మూసుకుపోయాయి, వేలితో గీస్తే పొర ఉండలా ఊడొచ్చింది. ర్యామ్ 16 జీబీయే కానీ ఒకటే స్టిక్. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. ఆ కొత్త కార్డులో ఏ లోపమూ లేదు, దానికి చేతినిండా పని అందట్లేదంతే.

మన వైపు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత నిండుగా ఉన్నా, మీ బోదెకి తూము ఎంత తెరుచుకుంటే మీ చేలోకి వచ్చేది అంతే నీరు. శివారు రైతుకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. సిస్టమ్‌లో కూడా ఎక్కడో ఒకచోట తూము ఇరుకుగా ఉంటుంది, అది ఎక్కడుందో కనుక్కోకుండా డబ్బు ఇంకోచోట పోస్తే ఫలితం ఉండదు. కాబట్టి కొనడం తరవాత, ముందు కొలవండి.

ముందు అసలు ఈ హెర్ట్జ్ లెక్క

60 హెర్ట్జ్ మానిటర్ ఒక్కో బొమ్మని 16.7 మిల్లీసెకన్ల పాటు చూపిస్తుంది. 144 అయితే 6.9. 240 అయితే 4.2. 360 అయితే 2.8. ఇప్పుడు తేడాలు చూడండి: 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతున్నాయి, 144 నుంచి 240కి 3 కూడా రావు, 240 నుంచి 360కి ఒకటిన్నర లోపే. అందుకే 60 మీద ఆడేవాళ్లు 144కో 165కో మారితే మొదటి రోజే కళ్లకి తెలుస్తుంది, మళ్లీ వెనక్కి వెళ్లలేరు. 144 నుంచి 240 కూడా తెలుస్తుంది, కానీ రోజూ ఆడుతూ గురి బాగా కుదిరినవాళ్లకి. 360కి పైన ఉన్నవి టోర్నమెంట్లు ఆడేవాళ్లకి వదిలేయండి, ఆ డబ్బు వేరేచోట ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో మాట. 240 హెర్ట్జ్ మానిటర్ కొంటే సరిపోదు, సిస్టమ్ సెకనుకి 240 బొమ్మలు తయారుచేసి ఇవ్వాలి, అదీ సగటున కాదు, పొగలు, గ్రెనేడ్లు, పదిమంది ఒకేచోట కాల్చుకుంటున్న సమయంలో కూడా. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేములు) 200 చూపించి, గొడవ మొదలవగానే 80కి పడిపోయే సిస్టమ్ కంటే, 150 దగ్గర కదలకుండా నిలబడే సిస్టమ్ చాలా నయం. దీన్ని కొలిచే అంకెని '1% low' అంటారు, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల దగ్గర ఎఫ్‌పీఎస్ ఎంతుందన్న లెక్క. ఏ రివ్యూ చూసినా సగటు పక్కన ఉండే ఈ అంకెనే చూడండి.

తూము ఎక్కడుందో కనుక్కోవడం

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ వేసుకోండి, రెండూ ఉచితం, ఎంఎస్‌ఐ కార్డే ఉండాలని లేదు. గేమ్ మీద కనిపించేలా నాలుగు అంకెలు పెట్టుకోండి: కార్డు వాడకం, కార్డు ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో బొమ్మకి పట్టే సమయం) గీత. కొలిచేముందు గేమ్‌లో వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ హెర్ట్జ్ దాటకుండా ఆపే సెట్టింగ్) తీసేయండి, ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేయండి, లేకపోతే చూపించే అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. తరవాత నిజంగా ఒక డెత్‌మ్యాచ్ ఆడండి, ఖాళీ ప్రాక్టీస్ రేంజ్‌లో కొలిస్తే ఏమీ తెలియదు.

కార్డు వాడకం 95 శాతం పైన నిలబడి ఉంటే కార్డే అడ్డం. 50, 60 దగ్గర ఊగుతూ ఉంటే అడ్డం ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉంది. అనుమానం తీరకపోతే రిజల్యూషన్‌ని 1920 బై 1080 నుంచి 1280 బై 720కి దించి మళ్లీ ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డు మార్చాల్సిందే. పెరగకపోతే ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా మీకు వచ్చేది ఇంతే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతమే చూపిస్తోంది కదా, ఖాళీగానే ఉంది కదా అంటారు. 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే ఆ లెక్కలో కనపడేది 8 శాతం చిల్లర. గేమ్‌లో ముఖ్యమైన పని ఎక్కువగా ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది, అవి నిండిపోతే మిగతా పది ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేదు. ఎకరాల చేనుకి ఒక్కడే నాట్లు వేస్తుంటే గట్టు మీద పదిమంది కూర్చున్నట్టు.

మానిటర్

ఎక్కువమందికి పోటీ గేమింగ్ కోసం 24 అంగుళాల 1080పీ సరిపోతుంది, బొమ్మ మొత్తం ఒక్క చూపులో పడుతుంది, కార్డు మీద భారం తక్కువ. 27 అంగుళాలకి వెళ్తే 1440పీ తీసుకోండి, కానీ అప్పుడు కార్డు కూడా ఆ స్థాయిది కావాలని ముందే లెక్కలో పెట్టుకోండి.

ప్యానెల్ ఐపీఎస్ తీసుకోండి. వీఏ ప్యానెళ్లలో నలుపు బాగుంటుంది, సినిమాలకి హాయి, కానీ తక్కువ ధరవాటిలో చీకటి మూలల్లో కదిలే బొమ్మ వెనక మసకలాగా తోక పడుతుంది, చీకట్లో నక్కిన మనిషిని పట్టుకోవడం కష్టం. అట్ట మీద 1 మిల్లీసెకను అని పెద్దగా రాసి ఉంటుంది, దాని పక్కన ఎంపీఆర్‌టీ అని ఉందో జీటీజీ అని ఉందో చదవండి, రెండూ ఒకటి కాదు. ఎంపీఆర్‌టీ అంటే కదిలే బొమ్మ కంటికి ఎంతసేపు మసకగా ఉంటుందన్న లెక్క. జీటీజీ అంటే ఒక చుక్క ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే వేగం, మనకి కావాల్సింది అది. ఓలెడ్ మానిటర్లలో ఈ మార్పు ఐపీఎస్ కంటే ఎన్నో రెట్లు వేగం, డబ్బుంటే తిరుగులేదు, కాకపోతే రోజంతా ఒకే బొమ్మ తెర మీద ఉండే పనులు కూడా అదే మానిటర్ మీద చేసేవాళ్లు బర్న్-ఇన్ (పాత బొమ్మ తెర మీద మచ్చలా మిగిలిపోవడం) వారంటీ ఉందో లేదో అడిగి కొనండి.

కేబుల్ సంగతి. మానిటర్‌తో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న మానిటర్లలో 1080పీకి చాలావరకు 120 దగ్గరే ఆగుతుంది. కేబుల్‌ని కార్డుకి గుచ్చాలి, పైన మదర్‌బోర్డుకి ఉండే హోల్‌కి కాదు. ఇది తెలియక వేల రూపాయల కార్డుని లోపల ఊరికే కూర్చోబెట్టిన ఇళ్లు నేను చూశాను.

జీ-సింక్ గానీ ఫ్రీసింక్ గానీ (కార్డు ఇచ్చే వేగానికి తగ్గట్టు మానిటర్ హెర్ట్జ్ మార్చుకునే పద్ధతులు) ఉంటే ఆన్ చేసుకోండి. ఎన్‌విడియా కార్డయితే గేమ్‌లో రిఫ్లెక్స్ కూడా ఆన్ చేయండి, వాలరెంట్‌లోనూ కౌంటర్-స్ట్రైక్ 2లోనూ ఉంది, నొక్కిన క్షణానికీ తెర మీద కనిపించే క్షణానికీ మధ్య ఆలస్యం తగ్గిస్తుంది, రూపాయి ఖర్చు లేదు. జీ-సింక్, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో వీ-సింక్, రిఫ్లెక్స్ మూడూ కలిపి ఆన్‌లో ఉంటే 144 మానిటర్ మీద ఎఫ్‌పీఎస్ 138 దగ్గర ఆగిపోతుంది, అది దాని పద్ధతే, టెన్షన్ పడక్కర్లేదు. ఫ్రేమ్ జెనరేషన్ (మధ్యమధ్యలో కార్డు కల్పించి చేర్చే బొమ్మలు) మాత్రం పోటీ ఆటల్లో ముట్టుకోకండి. అంకె పెరుగుతుంది, చేతికి మాత్రం ఆలస్యమే తగులుతుంది.

ప్రాసెసర్, ర్యామ్: అసలు ఆట ఇక్కడే

వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటి ఆటలు తక్కువ సెట్టింగ్స్‌లో ఆడేటప్పుడు కార్డుకి పెద్ద పని ఉండదు. ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎటు వెళ్లింది, ఎవరి అడుగుల చప్పుడు ఎవరికి వినిపించాలి, ఇదంతా ప్రాసెసర్ పని. ఆ లెక్కలకి కావాల్సిన డేటా ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకుంటే ఆలస్యం, ప్రాసెసర్ లోపలే ఉండే ఎల్3 క్యాష్‌లో దొరికితే వేగం. ఈ ఆటలకి క్యాష్ అంత ముఖ్యమవడానికి కారణం ఇదే.

మా తమ్ముడి 5600జీ సంగతి ఇక్కడే అర్థమవుతుంది. పేరు చూస్తే 5600కీ దానికీ ఒక్క అక్షరం తేడా. కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5600జీలో 16 ఎంబీ. పైగా 5600జీ పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి) 3.0 వరకే ఇస్తుంది, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600 లాంటివి ఆ దారిలో 8 లేన్లే (వరసలే) వాడే కార్డులు కాబట్టి అక్కడ కూడా కొంత పోతుంది. లోపల గ్రాఫిక్స్ ఉంది కదా, తరవాత కార్డు వేసుకోవచ్చు కదా అని షాపువాళ్లు జీ రకం అంటగడతారు. కార్డు కొనడం ఖాయమనుకుంటే మొదట్లోనే వద్దని చెప్పండి.

ఏఎమ్4 (ఇలాంటి రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ రకం) బోర్డు ఉన్నవాళ్లకి మంచి వార్త, బోర్డు మార్చకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డిలో క్యాష్ 96 ఎంబీ. 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డి దానికి కొంచెం వేగం తగ్గించిన తమ్ముడు. ఇప్పుడు కొత్తవి దొరకడం తగ్గింది, వాడినవి దొరికితే వదలకండి. బీ450 బోర్డు మీద కూడా బయాస్ (బోర్డు లోపల ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే నడుస్తాయి, మీ బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ పట్టిక చూసి, ఏ బయాస్ వెర్షన్ కావాలో రాసుకుని వెళ్లండి. ఈ ఎక్స్3డి చిప్‌లకి పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనాలి, ఆ ఖర్చు మరిచిపోకండి. కొత్త సిస్టమే కట్టుకునేవాళ్లకి, డబ్బుకి ఇబ్బంది లేకపోతే, ఏఎమ్5 మీద 7800ఎక్స్3డి గానీ 9800ఎక్స్3డి గానీ. బడ్జెట్ బిగుతుగా ఉంటే మామూలు 5600 గానీ ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ 144కి బాగానే నిలబడతాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 చవకగా కనిపిస్తే జాగ్రత్త. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజి వల్ల మెల్లగా పాడై గేమ్ మధ్యలో క్రాష్ అయ్యేవి. 2024లో ఇంటెలే ఒప్పుకుని బయాస్ ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. సవరణ వచ్చేలోగా పాడైనది మాత్రం బాగవదు.

ర్యామ్ దగ్గరికొస్తే, ఒక 16 కంటే రెండు 8లు మేలు. రెండు స్టిక్‌లు ఉంటే రెండు దారుల్లో డేటా వస్తుంది, ఒకటే ఉంటే సగం దారి మూసేసినట్టే. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది, వాటిలో పెట్టాలి. తరవాత బయాస్‌లోకి వెళ్లి ఎక్స్ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. చెయ్యకపోతే పెట్టె మీద 3200 అని ఉన్న ర్యామ్ 2133 మీదో 2400 మీదో 2666 మీదో నడుస్తూ ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్పీడ్ అని కనపడుతుంది, చదవడం ఆపి ఇప్పుడే ఒకసారి చూడండి. డీడీఆర్4 అయితే 3200 లేదా 3600, సీఎల్16 (సీఎల్ అంటే ర్యామ్ జవాబిచ్చే ఆలస్యం, తక్కువైతే మేలు) దగ్గర సరిపోతుంది. ఏఎమ్5 మీద డీడీఆర్5 6000, సీఎల్30, రెండు స్టిక్‌లే, నాలుగు పెడితే వేగం నిలబడదు. కొన్ని పాత బోర్డులకి హద్దులున్నాయి, హెచ్410 బోర్డులో ఐ5 10400 ఉంటే 2666 దాటదు, అక్కడ వేగం ఎక్కువున్న ర్యామ్ కొనడం దండగ. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఉన్న స్టిక్‌కి జత అదే మోడల్‌ది వాడినది దొరుకుతుందేమో ముందు వెతకండి.

తమ్ముడికి నేను చేయించింది ఇదే: ముందు దుమ్ము దులిపి, రెండో స్టిక్ వేసి, ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేసి, వారం ఆడమన్నాను. ఆ తరవాతే ప్రాసెసర్ మాట.

కార్డు

మీ కొలతలో కార్డు 95 దాటి ఉంటేనే ఈ ముక్క మీకు. 1080పీ పోటీ ఆటలకి ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, 5060 చాలు. 1650 లాంటి పాత కార్డుల నుంచి వీటికి మారితే తేడా పెద్దది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం 4 లేన్ల కార్డు, పీసీఐఈ 3.0 బోర్డులో వేస్తే గొంతు నొక్కినట్టు ఉంటుంది, ధర తక్కువని మోసపోవద్దు.

కరెంటు గురించి రివ్యూలు చెప్పవు, నేను చెప్తాను

ఈ ముక్క భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు వైపు వాళ్లు రెండుసార్లు చదవండి. మా ఊళ్లో సాయంత్రం చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) తిరగడం మొదలైతే లైటు కాంతి తగ్గడం కళ్లకి కనపడుతుంది. గాలీ వానా వస్తే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఈ దెబ్బలన్నీ మొదట తినేది పవర్ సప్లై. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్ఎమ్‌పీఎస్‌తో (పవర్ సప్లైనే అలా అంటారు) నలభై వేల కార్డుని నడపకండి. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే రేటింగ్) లేదా ఆ పైన, వారంటీ ఐదేళ్లున్న 550 వాట్లది 5600, 4060 జతకి ధారాళంగా సరిపోతుంది. మా పిన్నిగారింట్లో ఒకసారి అలాంటి చవక సప్లై పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది, మిగిల్చిన డబ్బు కంటే పోయింది ఎక్కువ.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకె చూసి సంతోషించొద్దు, వాట్లు అడగండి. 600 వీఏది సాధారణంగా 360 వాట్ల దగ్గర ఉంటుంది, గేమ్ ఆడుతున్న సిస్టమ్, మానిటర్ కలిసి దాని అంచుదాకా వెళ్తాయి, కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. 1000 వీఏ పైన తీసుకోండి. మంచి పవర్ సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉంటుంది, స్క్వేర్ వేవ్ ఇచ్చే యూపీఎస్, ఇన్వర్టర్లతో కొన్నిటికి పడదు, మారే క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఆ బాధ లేదు. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు వెనక స్విచ్ చూడండి, ఎకో మోడ్‌లో ఉంటే వోల్టేజి బాగా పడిపోయినా అదే కరెంటు లోపలికి పంపుతుంది, మారడం కూడా నెమ్మది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, దాని తరవాతే గేమ్.

బయాస్ అప్‌డేట్ విషయంలో మాత్రం బతిమాలుతున్నాను, యూపీఎస్ లేకుండా చేయకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఉరుములు వినపడుతున్న రోజు అసలు వద్దు. ఏఎమ్5 బోర్డుల్లో కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంటుంది, ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట, పాడైపోయిందనుకుని స్విచ్ ఆపకండి.

వేడి, దుమ్ము, తేమ

మేలో మేడ మీద గదిలో ఏసీ లేకుండా ఆడితే, గది 37, 38 డిగ్రీలుంటే లోపలికి పీల్చే గాలే ఆ వేడిది. డిసెంబరులో 75 దగ్గరున్న ప్రాసెసర్ అప్పుడు 90 తాకుతుంది. 5800ఎక్స్3డికి హద్దు 90, 7800ఎక్స్3డికి 89, అక్కడికొస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మీకు మాత్రం గేమ్ ఆగి ఆగి నడుస్తున్నట్టు తెలుస్తుంది. ఎండాకాలంలోనే ఎఫ్‌పీఎస్ పడుతోందంటే కొత్త భాగం కొనేముందు ముందువైపు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి పెట్టి చూడండి. ముందుభాగం అద్దంతో మూసేసిన క్యాబినెట్ మనకి పనికిరాదు, జాలీ ఉన్నది కొనండి, ఆ జాలీకి విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. మిల్లు దగ్గరుంటే నెలకోసారి, కొబ్బరి పీచు పనులు జరిగేచోటయితే ఇంకా తరచుగా దులపాలి. చిన్న బ్లోయర్ వాడండి, ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకుని ఊదండి. కేసుని నేల మీద పెట్టొద్దు, బల్లులు వెచ్చదనానికి వెనక సందుల్లోంచి దూరతాయి, వాడని స్లాట్లకి మూతలు బిగించండి. సముద్రం పక్క ఊళ్లలో, అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి, వారాల తరబడి ఆపి ఉంచకుండా అప్పుడప్పుడు ఆన్ చేస్తే లోపలి తేమ ఆరుతుంది.

పింగ్ వేరు, ఎఫ్‌పీఎస్ వేరు

వాలరెంట్‌కి ముంబయిలో సర్వర్లున్నాయి, కౌంటర్-స్ట్రైక్‌కి ముంబయి, చెన్నై రెండుచోట్లా ఉన్నాయి. మీ పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎక్కువుంటే ఏ కార్డూ, ఏ ప్రాసెసరూ దాన్ని తగ్గించలేదు. రూటర్ కింద ఉండి మీరు మేడ మీద వైఫైతో ఆడుతుంటే క్యాట్ 6 వైరు లాగండి, వంద మీటర్ల దాకా పని చేస్తుంది. ఎగిరెగిరి పడే పింగ్ చాలా ఇళ్లలో ఈ ఒక్క వైరుతోనే సర్దుకుంటుంది. మౌస్ 1000 హెర్ట్జ్ పోలింగ్ (సెకనుకి ఎన్నిసార్లు కదలిక చెప్తుందన్న లెక్క) చాలు. 8000 పెడితే బలహీనమైన ప్రాసెసర్ మీద ఆ భారం కూడా పడుతుంది.

కొనేటప్పుడు

రాజమండ్రి, కాకినాడ, విజయవాడలో ధర అడిగి, హైదరాబాద్ వెళ్లే వాళ్లుంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కూడా అడిగించి, ఆన్‌లైన్ ధరతో పోల్చండి. వందల్లో తేడా అయితే దగ్గర షాపులోనే కొనడం మంచిది, పాడైతే చేతికిచ్చి రావచ్చు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, రెండూ ఉంటేనే మూడేళ్ల తరవాత కూడా వారంటీ గట్టిగా అడగగలరు.

వాడిన కార్డు కొంటే అమ్మేవాళ్ల ఇంట్లోనే, వాళ్ల సిస్టమ్‌లోనే అరగంట గేమ్ ఆడండి, ఉష్ణోగ్రత, ఫ్యాన్ చప్పుడు గమనించండి, స్క్రూల మీద విప్పిన గీతలున్నాయా చూడండి. బంగాళాఖాతం తుఫాన్లు, వరదలు చూసిన ప్రాంతం మనది, కార్డు సర్క్యూట్ మీద తెల్లగా బూజు పట్టినట్టు మరకలుంటే అది నీళ్లలో తడిసింది, ఎంత తక్కువకిచ్చినా వద్దు. పాత బోర్డు కొనేటప్పుడు టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ (రెండూ బోర్డులోని భద్రతా ఏర్పాట్లు) ఉన్నాయా అడగండి, విండోస్ 11 మీద వాలరెంట్ అవి లేకుండా తెరుచుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కొనే బోర్డు 11కి పనికొచ్చేదే కావాలి.

ల్యాప్‌టాప్ వాళ్లకి మార్చుకోవడానికి ఉన్నవి తక్కువ: రెండో ర్యామ్ స్టిక్, వెనక గాలి ఆడేలా ఎత్తు, చార్జర్ పెట్టే ఆడటం, మక్స్ స్విచ్ (తెరని నేరుగా గ్రాఫిక్స్ కార్డుకి కలిపేది) ఉంటే దాన్ని ఆన్ చేయడం. అంతే.

మొత్తం ఒక్కసారే కొనలేనివాళ్లు ఇలా వెళ్లండి. ఖర్చు లేనివి ముందు: హెర్ట్జ్ సెట్టింగ్, కేబుల్, ఎక్స్ఎమ్‌పీ, రిఫ్లెక్స్, దుమ్ము. తరవాత పవర్ సప్లై, యూపీఎస్. ఇంకా 60 మానిటర్ మీదే ఉంటే ఇప్పుడు మానిటర్. ఆ తరవాత రెండో ర్యామ్ స్టిక్, ప్రాసెసర్, కొలత అలా చెప్తేనే కార్డు. ఒక్కో మార్పు చేశాక అదే మ్యాప్, అదే సెట్టింగ్స్‌తో మళ్లీ కొలిచి, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. తమ్ముడు ఆ కాగితాన్ని మానిటర్ వెనక గోడకి అంటించాడు, మొదటి వరసలో 60, దాని కింద 144, ర్యామ్ వేసిన తేదీ, ప్రాసెసర్ అన్న చోట ఇంకా ఖాళీ.